మన పటంలో ఏమి చూపాలి, ఏమి చూపకూడదు

(సికింద్రాబాద్‌లో యువ కార్యకర్తల శిక్షణ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సమావేశంలో మాకు అప్పగించిన అంశం పటాలు, గణాంకాలు. నేడు చేతిలో ఫోను ఉన్న ప్రతివారూ పటం మీద చుక్క పెట్టగలరు, అంకెలను రంగుల బొమ్మగా మార్చగలరు. అది ఎలా చేయాలో మాకంటే బాగా తెలిసినవారు ఈ గదిలోనే ఉన్నారు. కనుక మేము ఆ జోలికి పోము. ఏ విషయానికి పటం గీయాలి, ఏ విషయానికి గీయకూడదు అన్నంత వరకే మాట్లాడతాము.

దశాబ్దాలపాటు ప్రభుత్వ కార్యాలయాలలో ఫైళ్ల మధ్య గడిపిన మావంటి గుమాస్తాలకు ఒక సంగతి తెలుసు. టపాలో వచ్చిన కాగితం ఎంత అందంగా ఉన్నదో అక్కడ ఎవరూ చూడరు. అర్జీదారు అడుగుతున్నదేమిటి, అది ఏ శాఖకు చెందినది, ఆధారం జతపరిచారా లేదా అన్నవి చూస్తారు. ఈ మూడూ లేని కాగితం ఏదో ఒక బీరువాలో శాశ్వతంగా విశ్రమిస్తుంది. పటం కూడా ఒక అర్జీయే. దానికీ ఇదే న్యాయం వర్తిస్తుంది.

మన నగరంలోనే దీనికి మంచి ఉదాహరణ ఉన్నది. 1908 సెప్టెంబరు 28న మూసీ నది పొంగి వేలాది ప్రాణాలను బలిగొన్నది. ఆ తరువాత నగరాన్ని తిరిగి తీర్చిదిద్దే పనిలో భాగంగా నిజాం ప్రభుత్వం లియొనార్డ్ మన్ ఆధ్వర్యంలో హైదరాబాదును కొలిపించింది. 1912, 1915 సంవత్సరాల నడుమ తయారైన ఆ పటాలలో వీధులు, ఇళ్లు, బావులు, మసీదులు కూడా కనిపిస్తాయి. వందేళ్లు దాటినా పరిశోధకులు వాటినే ఆశ్రయిస్తున్నారు. నగరాన్ని మళ్లీ ఎలా నిలబెట్టాలన్న ప్రశ్న ముందు పుట్టి, పటం తరువాత పుట్టింది. అందుకే ఆ పని నిలిచింది. ప్రశ్న లేకుండా పుట్టిన పటం గోడ మీద బొమ్మగా మిగులుతుంది.

ఇక మన ప్రశ్నలకు వద్దాము. 2009 మే నెలను ఇక్కడున్న పెద్దలు మరచిపోయి ఉండరు. సికింద్రాబాద్‌కు ఆనుకొని ఉన్న భోలక్‌పూర్‌లో తాగునీటిలో మురుగునీరు కలిసింది. పలువురు మరణించారు, వందలాది మంది ఆస్పత్రుల పాలయ్యారు. తోళ్లు, పాత ఇనుము, తుక్కు వ్యాపారాల మీద బతికే శ్రామికుల బస్తీ అది. వారిలో అధికులు మనవారే. ఆ వారంలో మంత్రులు వచ్చారు, అధికారులు వచ్చారు, పరిహారం ప్రకటనలు వెలువడ్డాయి.

అటువంటి బస్తీకి పటం గీయవలసి వస్తే ఏమి గీయాలి? ముస్లింల ఇళ్లు ఎన్ని, ఏ సందులో ఎంతమంది అన్నది గీసి ప్రయోజనమేమిటి? ఆ పటం ఏ ఇంజనీరునూ ప్రశ్నించదు. మంచినీటి పైపు ఎక్కడ మురుగు కాలువను దాటుతున్నది, ఆ పైపు ఏ సంవత్సరంలో వేశారు, నీరు రంగు మారిందని ఫిర్యాదు ఏ తేదీన వెళ్లింది, ఎన్ని రోజులకు మనిషి వచ్చాడు అన్న నాలుగు విషయాలను ఒకే కాగితం మీద చూపండి. అప్పుడు జవాబు చెప్పవలసిన శాఖ, జవాబు చెప్పవలసిన అధికారి ఎవరో ఆ కాగితమే చెబుతుంది. మనం ఎక్కడ ఉన్నామన్నది కాక, మన దగ్గరికి ప్రభుత్వం ఎక్కడ రాలేదన్నది చూపే పటమే మనకు కావలసిన పటం. మేము ఈ రోజు చెప్పదలచినదంతా ఈ వాక్యంలోనే ఉన్నది.

నీటి విషయంలో ప్రపంచమంతా చెప్పుకొనే ఒక కథ ఉన్నది. 1854లో లండన్ నగరంలోని సోహో ప్రాంతంలో కలరా చెలరేగింది. జాన్ స్నో అనే వైద్యుడు మృతుల ఇళ్లను పటం మీద గుర్తించి, బ్రాడ్ స్ట్రీట్‌లోని ఒక నీటి పంపు చుట్టూ మరణాలు గుమికూడినట్లు చూపాడు. సాధారణంగా కథ ఇక్కడితో ముగిస్తారు. కానీ స్నో ముందుగా చేసింది ఇంటింటికీ తిరిగి ఏ నీరు తాగారని అడగడం. ఆ అంటువ్యాధి సమయంలోనే పంపు పిడిని తీయించారు. పటం అచ్చయింది ఆ తరువాత. పైగా పంపు పక్కనే ఉండి కూడా జబ్బు పడనివారి సంగతి ఆయన విడిచిపెట్టలేదు. అక్కడి పేదల ఆశ్రమానికి (వర్క్‌హౌస్) సొంత బావి ఉన్నది, బీరు తయారీశాల పనివారు ఆ పంపు నీరు తాగలేదు. తన వాదానికి ఎదురు నిలిచేట్లు కనబడినవారిని కూడా అడిగి తెలుసుకొన్నందువల్లే ఆ వాదం నిలిచింది. మన కార్యకర్తలు దీనిని గుర్తుంచుకోవాలి. మన వాదానికి సరిపోయే ఇళ్లను మాత్రమే లెక్కించే సర్వే మొదటి విచారణలోనే వీగిపోతుంది.

తరువాత ఆలోచించవలసింది పటాన్ని ఏ హద్దులతో గీయాలన్నది. ఇది సాంకేతిక విషయమని అనుకోకండి. దీనివల్ల మనవారు నష్టపోయారు.

జస్టిస్ రాజేందర్ సచార్ కమిటీ 2005 మార్చిలో ఏర్పడి, 2006 నవంబరులో నివేదిక ఇచ్చింది. 2001 జనగణన ప్రకారం దేశంలో అక్షరాస్యత 65.1 శాతం ఉండగా ముస్లింలలో 59.1 శాతమేనని అది చూపింది. దాని తరువాత కేంద్రం అల్పసంఖ్యాకులు ఎక్కువగా ఉన్న వెనుకబడిన జిల్లాలకు బహుళ రంగాల అభివృద్ధి పథకాన్ని 2008-09లో ప్రారంభించి, దేశమంతటా 90 జిల్లాలను ఎంపిక చేసింది. నాటి ఆంధ్రప్రదేశ్ నుండి ఆ జాబితాలో ఒక్క జిల్లా కూడా లేదు. 2011 జనగణన ప్రకారం 43.45 శాతం ముస్లింలున్న హైదరాబాద్ జిల్లా కూడా లేదు.

ఎందుకు లేదు? ఎంపికకు జనాభా ఒక్కటే చాలదు. అక్షరాస్యత, పని, గృహవసతి, తాగునీరు, విద్యుత్తు వంటి సూచికలలో జిల్లా సగటు దేశ సగటుకంటే తక్కువగా ఉండాలి. హైదరాబాద్ జిల్లా అంటే బంజారాహిల్స్ కూడా అందులోనే, పాతబస్తీ కూడా అందులోనే. బంగళాలోని చదువును, రేకుల ఇంటిలోని చదువును కలిపి రెండుతో భాగిస్తే వచ్చే సగటు ఎవరి బతుకునూ చెప్పదు. ఆ సగటు మాటున బస్తీలు కనబడకుండా పోయాయి. జిల్లాను కొలమానంగా తీసుకోవడం మీద దేశంలో పలుచోట్ల విమర్శలు వచ్చిన తరువాతనే పన్నెండవ ప్రణాళికలో బ్లాకులు, పట్టణాలు ప్రాతిపదికగా మార్చారు. ఒక గీత ఎక్కడ గీశారన్న దాని మీద పాఠశాల గదులు, వసతి గృహాలు, దవాఖానాలు ఆధారపడ్డాయి. కనుక ఎవరైనా మన ముందు జిల్లా సగటు పెట్టి అంతా బాగున్నదంటే, డివిజన్ వారీగా, బస్తీ వారీగా చూపించమని మర్యాదగా అడగండి.

దూరాన్ని కొలవడంలోనూ ఇటువంటి చిక్కే ఉన్నది. విద్యాహక్కు నిబంధనల ప్రకారం ప్రాథమిక పాఠశాల ఒక కిలోమీటరు లోపల, ప్రాథమికోన్నత పాఠశాల మూడు కిలోమీటర్ల లోపల ఉండాలి. పటం మీద పాఠశాల చుట్టూ వృత్తం గీసి, బస్తీ ఆ వృత్తంలోనే ఉన్నది కదా అని చెప్పడం సులభం. సికింద్రాబాద్‌లో నివసించే మనకు ఆ వృత్తం ఎంత మోసమో తెలుసు. మధ్యలో రైలు పట్టాలుంటాయి, సైనిక ప్రాంతం గోడలుంటాయి, దాటరాని పెద్ద రహదారి ఉంటుంది. కాకి ఎగిరే దూరం అరకిలోమీటరైతే, ఎనిమిదేళ్ల ఆడపిల్ల నడిచే దూరం రెండు కిలోమీటర్లవుతుంది. ఆ పిల్ల నడిచే దారినే గీయండి. దారిలో వంతెన ఎక్కడున్నది, దీపాలు లేని చోటు ఏది అన్నది కూడా గుర్తించండి. ఆ పాఠశాలలో ఉర్దూ మాధ్యమం ఉన్నదా, ఉంటే ఉపాధ్యాయ ఖాళీలు ఎన్ని అన్నది పక్కన రాయండి. పాఠశాల ఉన్నదన్న చుక్క వేరు, అందులో చదువు చెప్పే మనిషి ఉన్నారన్న సమాచారం వేరు.

సగటు గురించి ప్రభుత్వాన్ని ప్రశ్నించే మనం, మనలో మనం కూడా అదే ప్రశ్న వేసుకోవాలి. ముస్లింలు అని ఒకే రంగు పూసిన పటంలో దూదేకులవారు కనబడరు, మెహ్తర్లు కనబడరు, ఫకీర్లు కనబడరు. మన రాష్ట్రాలలో రిజర్వేషన్ చరిత్ర దీనినే నేర్పింది. 2004లో, 2005లో ముస్లింలందరినీ ఒక వర్గంగా తీసుకొని ఇచ్చిన 5 శాతం రిజర్వేషన్ హైకోర్టులో నిలవలేదు. వెనుకబాటుతనాన్ని నిర్ణయించిన పద్ధతిలోని లోపాలను న్యాయస్థానం ఎత్తిచూపింది. ఆ పిదప పి.ఎస్. కృష్ణన్ గారి నివేదిక ఆధారంగా 2007లో 14 సముదాయాలను విడివిడిగా గుర్తించి, బీసీ-ఇ కింద 4 శాతం ఇచ్చారు. దానిని కూడా హైకోర్టు 2010లో కొట్టివేసినా, అదే సంవత్సరం మార్చి 25న సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వు వల్ల ఆ సముదాయాల పిల్లలు నేటికీ సీట్లు పొందుతున్నారు. ఎంతోమంది బిడ్డలు వైద్యులయ్యారు, ఇంజనీర్లయ్యారు. ఆ సీట్ల వెనుక ఉన్నది నినాదం కాదు, విడమరచి రాసిన లెక్క.

2024-25లో తెలంగాణ ప్రభుత్వం జరిపిన కుల సర్వేలో ముస్లింలు 12.56 శాతమని, అందులో 10.08 శాతం వెనుకబడిన తరగతుల ముస్లింలని, 2.48 శాతం ఇతరులని వెల్లడించారు. అంటే మనలో ప్రతి ఐదుగురిలో నలుగురు వెనుకబడినవారు. మన సభలలో, మన కమిటీలలో, మన పత్రికలలో వారి గొంతు ఆ నిష్పత్తిలో వినబడుతున్నదా అన్నది కూడా ఒక గణాంకమే. మనకు అసౌకర్యమైన ఆ లెక్కను తీయకుండా పక్కవారి లెక్క మాత్రమే అడిగితే మన మాటకు బలముండదు.

వక్ఫ్ ఆస్తుల గురించి చెప్పకపోతే ఈ ప్రసంగం అసంపూర్ణమవుతుంది. ఇటీవల ఎక్కువ పటాలు వస్తున్నది ఈ విషయం మీదనే. ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. ఇళ్లకు, నీటికి, దూరానికి పటమే మొదటి సాక్ష్యం కావచ్చు. భూమికి మాత్రం దస్తావేజు మొదటిది, పటం రెండవది.

మణికొండలోని హజ్రత్ హుస్సేన్ షా వలీ దర్గా వ్యవహారం మీకందరికీ తెలుసు. 1989 గెజిట్ ప్రకటనలో వక్ఫ్ ఆస్తిగా చూపినది 5,506 చదరపు గజాలు. 2006లో సవరణ ప్రకటన ద్వారా దానిని 1,654 ఎకరాల 32 గుంటలుగా చూపారు. ఆ భూమి మీద అప్పటికే పెద్ద పెద్ద సంస్థలు వెలిశాయి. 2022 ఫిబ్రవరి 7న సుప్రీంకోర్టు ఆ సవరణ ప్రకటన చెల్లదని, భూమి ప్రభుత్వానిదేనని తీర్పునిచ్చింది. తీర్పు గురించి ఎవరి అభిప్రాయం వారికి ఉండవచ్చు. మనం నేర్చుకోవలసింది మాత్రం ఒక్కటే. మొదటి సర్వేలో, మొదటి గెజిట్‌లో రాయించుకోని గజాన్ని, పదిహేడేళ్ల తరువాత రాయించడం ఎంత కష్టమో ఆ రెండు అంకెలే చెబుతున్నాయి.

2025 జూన్‌లో ఉమీద్ పోర్టల్ ప్రారంభమైనప్పటి నుండి ప్రతి ముతవల్లీకి, ప్రతి మసీదు కమిటీకి ఈ పని ఇంటి ముంగిటికి వచ్చింది. ఫోనులో స్థలాన్ని గుర్తించడం నిమిషం పని. కానీ గెజిట్ నకలు, ముంతఖబ్, పహాణీ, సర్వే నంబరు, పాత టిప్పణ ఒక చోట చేర్చకుండా పెట్టిన చుక్క రేపు మనకే ఎదురు సాక్ష్యమవుతుంది. హద్దు ఒక గజం తప్పుగా గీస్తే, మీరే ఇలా చూపారు కదా అని పొరుగువాడి వకీలు అడుగుతాడు. అందుచేత కార్యకర్తలు మొదట శ్మశానవాటికలను, చిన్న మసీదులను, ఆదాయం లేక అడిగే దిక్కు లేని అషూర్‌ఖానాలను తీసుకోండి. పెద్ద ఆస్తులకు వకీళ్లుంటారు. మన తాతల సమాధులకు మనమే ఉన్నాము.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన మాట. గీయకూడని పటాల గురించి.

1941 మే నెలలో, నాజీ ఆక్రమణలో ఉన్న ఆమ్‌స్టర్‌డామ్ నగర కార్యాలయం ఒక పటాన్ని తయారుచేసింది. ఒక్కొక్క చుక్క పదిమంది యూదులకు గుర్తు. ఏ వీధిలో ఎన్ని చుక్కలో స్పష్టంగా ఉన్నది. గీసినవారు మావంటి కార్యాలయ ఉద్యోగులే. పని లోపం లేకుండా చేశారు. మరుసటి సంవత్సరం నుండి ఆ వీధుల మనుషులను రైళ్లలో ఎక్కించి మృత్యు శిబిరాలకు పంపారు. మన దేశంలోనూ 2002 గుజరాత్ హింసలో దాడి చేసినవారి చేతుల్లో ముస్లింల ఇళ్ల, దుకాణాల చిరునామాల జాబితాలున్నాయని మానవ హక్కుల సంస్థలు నివేదించాయి.

హింస వరకు పోనక్కరలేదు. కొన్ని బ్యాంకులు కొన్ని ప్రాంతాలను ప్రతికూల ప్రాంతాలుగా గుర్తించి అక్కడివారికి అప్పులు సులభంగా ఇవ్వడం లేదని సచార్ కమిటీ నమోదు చేసింది. అది కూడా పటమే. మన బస్తీ పేరు వినగానే దరఖాస్తు పక్కన పెట్టించే పటం.

2011 జనగణనలో మతం వారీ జనాభాను జిల్లా, మండలం, పట్టణం స్థాయి వరకే ప్రచురించారు. వార్డు వారీగా, వీధి వారీగా ఇవ్వలేదు. ఆ లోటును పూడ్చుతామని మన యువకులు కొందరు ఓటర్ల జాబితాలోని పేర్లను చూసి సందు సందుకూ ముస్లిం ఇళ్లను గుర్తించే ఉత్సాహంలో ఉన్నారని వింటున్నాము. వారి ఉద్దేశం మంచిదే. కానీ ఒకసారి బయటికి వచ్చిన జాబితా ఎవరి చేతికి పోతుందో ఎవరూ హామీ ఇవ్వలేరు. అటువంటి పటం గీయకండి. గీసి ఉంటే పంచకండి.

అయితే మతం లెక్క లేకుండా వివక్షను ఎలా నిరూపించగలమని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్న. దానికి మేమిచ్చే సలహా ఇది. మనుషుల లెక్కను పెద్ద హద్దులలో చూపండి, సేవల లెక్కను చిన్న హద్దులలో చూపండి. ఫలానా నియోజకవర్గంలో లేదా మండలంలో మన జనాభా ఇంత అని పట్టికలో ఉంటే చాలు. నల్లా ఎక్కడ లేదు, అంగన్వాడీ ఎక్కడ మూతపడింది, బస్తీ దవాఖానా ఎంత దూరం అన్నవి వీధి స్థాయిలో చూపండి. అడగవలసిన కథ బయటపడుతుంది, ఇంటి గుట్టు దాగుతుంది. ఆ వీధిలో దళితులుంటారు, పేద హిందువులుంటారు, క్రైస్తవులుంటారు. పగిలిన పైపు వారికీ పగిలినదే. వారిని కలుపుకొని గీసిన పటానికి బలం రెట్టింపవుతుంది.

భర్త విడిచిన స్త్రీల ఇళ్లు, జబ్బుపడినవారి ఇళ్లు, అప్పుల్లో ఉన్న కుటుంబాలు, జైలులో బిడ్డలున్న తల్లులు, వీరి వివరాలు పటం మీదికి ఎన్నడూ రాకూడదు. వారు మనలను నమ్మి చెప్పినది అమానత్. అమానత్‌కు రంగులు పూసి ప్రదర్శించే హక్కు మనకు లేదు.

ఇన్ని జాగ్రత్తలు చెప్పి మిమ్ములను వెనుకకు లాగుతున్నామని భావించకండి. అల్పసంఖ్యాకులు తమ కథను తామే అంకెలలో చెప్పుకొన్న గొప్ప సందర్భం చరిత్రలో ఉన్నది. 1900లో పారిస్ అంతర్జాతీయ ప్రదర్శనలో డబ్ల్యు.ఇ.బి. డుబోయిస్ అనే నల్లజాతి పండితుడు అట్లాంటా విశ్వవిద్యాలయ విద్యార్థులతో కలిసి చేతితో గీసిన సుమారు 60 పటాలు, రేఖాచిత్రాలు ప్రదర్శించాడు. బానిసత్వం ముగిసి అప్పటికి నలభై ఏళ్లు కూడా కాలేదు. తమవారి భూమి ఎంత పెరిగింది, చదువు ఎంత పెరిగింది, ఏ వృత్తులలో ఉన్నారు అన్నది ఆయన చూపాడు. కష్టాల జాబితా ఒక్కటే ఇవ్వలేదు, సాధించినది కూడా చూపాడు. మన పటాలలోనూ కన్నీళ్లతో పాటు మొదటితరం పట్టభద్రుల సంఖ్య ఉండాలి, గురుకులాలలో చదువుతున్న ఆడపిల్లల సంఖ్య ఉండాలి.

ఇక చేయవలసిన పని. పటం గీసే ముందు కార్యకర్తలు కూర్చొని ఈ ప్రశ్నలకు తెల్ల కాగితం మీద జవాబులు రాయండి. మనం అడుగుతున్నది ఒక్క వాక్యంలో ఏమిటి? దానికి జవాబు చెప్పవలసిన అధికారి ఎవరు? ఈ విషయంలో చోటుకు నిజంగా ప్రాధాన్యమున్నదా, లేక ఒక పట్టికతో సరిపోతుందా? ప్రతి చుక్క వెనుక తేదీ, ఆధారం ఉన్నాయా? ఈ పటం మన శత్రువు చేతికి పోతే ఎవరికి హాని? చివరి ప్రశ్నకు ఒక్క కుటుంబం పేరైనా జవాబుగా వస్తే ఆ పని అక్కడే ఆపండి.

ఏటేటా ఎంతమంది చదువు మానారు, ఎంతమందికి ఉపకార వేతనం అందింది వంటి కథలకు పటం అక్కరలేదు. సంవత్సరాల వరుసలో ఒక గీత చాలు. ఆధారం లేనిచోట సమాచార హక్కు చట్టం ఉన్నది. పేరు, సంవత్సరం, శాఖ స్పష్టంగా రాసి అడిగితే 30 రోజులలో జవాబు ఇవ్వాలి. లేదని జవాబు వచ్చినా భద్రపరచండి. ప్రభుత్వం దగ్గర ఆ లెక్క లేదన్నది కూడా ఒక సాక్ష్యమే. రానున్న జనగణనకు 2027 మార్చి 1 ప్రామాణిక తేదీ. ఇంటికి వచ్చిన గణకునికి భాష, చదువు, వృత్తి, కులం సరిగా చెప్పేట్లు ప్రతి కుటుంబాన్ని సిద్ధం చేయడం ఏ పటం కంటే ముందు చేయవలసిన పని. అక్కడ తప్పుగా పడిన అంకెను తరువాత ఎంత మంచి రంగు వేసినా సరిదిద్దలేము.

ప్రతి బస్తీ నుండి ఇద్దరు, అందులో ఒక చెల్లెమ్మ తప్పక ఉండేట్లు, ముందుకు రావాలని కోరుతున్నాము. మొదటి నెలలో ఒక్క వీధి, ఒక్క ప్రశ్న తీసుకోండి. నీటి ఫిర్యాదులైనా సరే, పాఠశాల దారి అయినా సరే. పూర్తయిన కాగితాన్ని సంబంధిత కార్యాలయంలో ఇచ్చి, రసీదు మీద ముద్ర, తేదీ వేయించుకొని రండి. మిగిలినది ఆ రసీదు పట్టుకొని మాట్లాడుకుందాము.